టిబెటన్ వైద్యులు చెప్పే ‘లుంగ్’, సైకియాట్రిస్టులు చెప్పే ‘యాంగ్జైటీ’... రెండూ ఒకటేనా?

వేణు_మైసూరు

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, ఉద్యోగం మైసూరులో. ఇక్కడికి దగ్గర్లో బైలకుప్పె ఉంది. 1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చిన శరణార్థులకు అప్పటి మైసూరు ప్రభుత్వం ఇచ్చిన నేలలో వెలిసిన ఊళ్లు అవి. నా ఆఫీసులో ఒక టిబెటన్ స్నేహితుడున్నాడు. వాళ్లమ్మగారికి కొన్ని నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. గుండె దడ, ఉన్నట్టుండి ఏడుపు, ఒక్కచోట కుదురుగా కూర్చోలేరు. ఊళ్లోని టిబెటన్ వైద్యుడు నాడి చూసి ‘సోక్‌లుంగ్’ అన్నారు. ఇక్కడి సైకియాట్రిస్టు డిప్రెషన్, దాంతోపాటు యాంగ్జైటీ అన్నారు. ఆవిడ మొదటిది ఒప్పుకున్నారు, రెండోది ఒప్పుకోవడం లేదు. “నాకు పిచ్చి లేదు” అంటారట. డాక్టరు రాసిన మాత్రలు షీటు కూడా చింపకుండా అలాగే ఉన్నాయి.

పేర్లే వేరా, లేక జబ్బును చూసే తీరే వేరా? మా వాడు నన్నడిగాడు, నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

లేహ్_రవి

వేణు గారూ, ఆర్మీ మెడికల్ కోర్‌లో చేసి రిటైరయ్యాను. మాది టెక్కలి దగ్గర. సర్వీసులో చాలా కాలం లేహ్‌లో గడిచింది. అక్కడ ఈ వైద్యుణ్ని అమ్చీ అంటారు. లుంగ్ అనే మాట రోజూ చెవిన పడేది. పొలం తగాదా వచ్చినా లుంగ్, కొడుకు ఫోన్ చేయకపోయినా లుంగ్. మనవాళ్లు ‘బీపీ పెరిగిపోతోంది’ అన్నంత మామూలుగా అనేస్తారు. ఆ పేరు చెబితే ఎవరూ సిగ్గుపడరు. అందుకే ఆవిడ ఒప్పుకున్నారు.

వాళ్ల లెక్క ప్రకారం ఒంట్లో లుంగ్, త్రీపా, బేకెన్ అని మూడుంటాయి. మన వాత, పిత్త, కఫాలకు దగ్గరివి. ఊపిరి, రక్తం, మాట, ఆలోచన, ఏది కదిలినా లుంగ్ వల్లే. లుంగ్ గుర్రం, మనసు దాని మీది రౌతు అని చెబుతారు. గుర్రం బెదిరితే రౌతు ఎంత తెలివైనవాడైనా కింద పడతాడు. లుంగ్‌లో ఐదు రకాలు. వాటిలో ప్రాణాన్ని నిలిపేది కట్టు తప్పితే సోక్‌లుంగ్. ఛాతీ పట్టేసినట్టుండటం, దడ, వణుకు, నిద్ర రాకపోవడం, కారణం లేని బెంగ. వదిలేస్తే మతి తప్పేదాకా పోతుందంటారు.

వైద్యం నేను దగ్గరుండి చూశాను. షాజీరా, జాజికాయ దంచి చిన్న గుడ్డలో మూట కడతారు. దాన్ని వేడి నూనెలో ముంచి, ముందు తన మణికట్టుకు తాకించి వేడి చూసుకుంటాడు అమ్చీ. తర్వాత నడినెత్తిన, మెడ కింద వెన్నుపూసల మీద, రొమ్ము మధ్యలో, అరచేతుల్లో, అరికాళ్లలో ఒక్కోచోటా ఆనించి పట్టుకుంటాడు. చల్లారితే మళ్లీ ముంచుతాడు. దీన్ని హోర్మే అంటారు, అంటే కాపడమే. గది వెచ్చగా, మసక వెలుతురుగా ఉంచుతారు. తనవాళ్లెవరో ఒకరు పక్కనే ఉండి కబుర్లు చెప్పాలి. తిండికి ఎముకల సూపు, నెయ్యి, బెల్లం, వెల్లుల్లి. ఖాళీ కడుపుతో ఉండకూడదు, చలిగాలికి కూర్చోకూడదు, ఒంటరిగా వదలకూడదు. మందుల్లో అగరు చెక్క ప్రధానంగా ఉండే మాత్రలు ఎక్కువ. 35 దినుసుల అగర్ మాత్ర అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

డా_సౌమ్య_విశాఖ

సైకియాట్రీ ప్రాక్టీసులో ఉన్నాను. మనిషిని చూడకుండా జబ్బు గురించి చెప్పలేను కాబట్టి పద్ధతి గురించే రాస్తాను.

మేం డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాలపాటు, దాదాపు రోజంతా ఉండాలి. వాటిలో దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ ఒకటి ఉండి తీరాలి. దానివల్ల ఇల్లూ పనీ దెబ్బతినాలి. ఎందుకొచ్చిందన్నది ఈ లెక్కలోకి రాదు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ డీఎస్ఎమ్ (మానసిక జబ్బులను ఏ లక్షణాలతో గుర్తించాలో చెప్పే పుస్తకం) మూడో కూర్పు తెచ్చినప్పుడు కావాలనే కారణాల సిద్ధాంతాలను పక్కన పెట్టింది. అంతకుముందు ఒకే పేషెంటుకు ఇద్దరు డాక్టర్లు రెండు జబ్బులు చెప్పేవారు. ఆ గందరగోళం తగ్గాలంటే, కంటికి కనిపించేవాటిని ముందు ఒకేలా లెక్కపెడదాం అనుకున్నారు.

సోక్‌లుంగ్ అన్న మాటలో జబ్బు ఎందుకొచ్చింది, ఏం తినాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరు పక్కనుండాలి అన్నీ ఇమిడి ఉన్నాయి. డిప్రెషన్ అన్న మాటలో అవేవీ లేవు. మేం విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. కిక్కిరిసిన ఓపీలో చాలాసార్లు అది జరగదు. ఆవిడకు మొదటి మాట ఎందుకు నచ్చిందో నాకు అర్థమవుతోంది.

అయితే సోక్‌లుంగ్ కింద చాలా చేరిపోతాయి. పానిక్, డిప్రెషన్, ఎవరో పోయిన దుఃఖం, గుండె లయ తప్పడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం... అన్నిట్లోనూ దడ, వణుకు, నిద్రలేమి ఉంటాయి. వేణు గారూ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించారా?

వేణు_మైసూరు

ఈసీజీ బాగానే ఉందట. థైరాయిడ్ చూసినట్టు లేదు, అడుగుతాను. రవి గారూ, ఆ మూట కాపడం ఈవిడకు కూడా చేశారట. చేసిన రోజు కాస్త నిద్ర పట్టిందన్నాడు మా వాడు.

మాధవి_ఖమ్మం

చదువుతుంటే బాగానే ఉంది గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఇంటర్‌లో మొదలైంది. గాలి సోకిందన్నారు, చేతబడి అన్నారు, తాయెత్తు కట్టారు, నిమ్మకాయలు తిప్పారు, ఎక్కడెక్కడో నిద్రలు చేయించారు. వాడేమో గదిలో గోడకు చెవి పెట్టి పక్కింటివాళ్లు తనను చంపాలని మాట్లాడుకుంటున్నారని మాకు చెప్పేవాడు. మందు మొదలుపెట్టేసరికి విలువైన కాలమంతా పోయింది. మందు పడ్డాక ఆ గొంతులు తగ్గాయి, వాడే చెప్పాడు.

టిబెటన్ వైద్యంలోనూ దయ్యాల అధ్యాయాలున్నాయని విన్నాను. దిగులుకు సూపు, కాపడం సరే. చెవిలో గొంతులు వినిపిస్తున్న మనిషికి కూడా అవే చేస్తారా? 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర ఒక మానసిక రోగుల ఆశ్రమంలో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. నయమవుతుందని అయినవాళ్లు తెచ్చి వదిలినవాళ్లు వాళ్లంతా. సంప్రదాయం గొప్పదని మాట్లాడుకునే ముందు అది గుర్తుండాలి.

శారద_ఆయుర్వేదం

మాధవి గారూ, మీ బాధ న్యాయమైనది. ఉన్న విషయం దాచకుండా చెబుతాను.

టిబెటన్ వైద్యానికి మూలగ్రంథం గ్యూషీ. నాలుగు తంత్రాలు, 156 అధ్యాయాలు. 12వ శతాబ్దపు యుథోక్ యోన్‌తెన్ గోన్‌పో పేరు మీద చెబుతారు. దాని వెనక మన వాగ్భటుడు ఉన్నాడు. అష్టాంగహృదయాన్ని రిన్‌చెన్ జాంగ్‌పో అనే అనువాదకుడు జనార్దనుడనే భారతీయ పండితుడి సాయంతో 11వ శతాబ్దంలో టిబెటన్‌లోకి తెచ్చాడు. వాగ్భటుడి ఉత్తరస్థానంలో భూతాలకు వేరే అధ్యాయాలు, ఉన్మాదానికి వేరే, అపస్మారానికి వేరే. గ్యూషీలోనూ అదే వరస కనిపిస్తుంది. భూతాలు, పిచ్చి పుట్టించేవి, మతిమరుపు తెచ్చేవి అంటే మూర్ఛ, గ్రహాలు అంటే పక్షవాతం, ఆ తర్వాత నాగులు.

కాబట్టి దయ్యాలున్నాయి. కానీ పిచ్చి అంతా దయ్యమే అనలేదు. మూడు దోషాల వల్ల, దుఃఖం వల్ల, విషం వల్ల, భూతాల వల్ల అని విడివిడిగా చెప్పింది, ఒక్కోదానికి లక్షణాలు చెప్పింది. వైద్యుడు ముందు నాడి, మూత్రం చూస్తాడు. లుంగ్ పెరిగితే మూత్రం నీళ్లలా పలచగా, పెద్ద బుడగలతో ఉంటుందంటారు. మందుకు లొంగక, నాడి ఏ లెక్కకూ అందకపోతే అప్పుడు లామా దగ్గరికి పంపుతాడు. అక్కడ పూజ చేస్తారు. వైద్యుడి పని, లామా పని వేర్వేరుగా ఉన్నా ఇంటివాళ్లు ఇద్దరి దగ్గరికీ వెళ్తారు.

పడమటి దేశాలు మొదటినుంచీ ఇప్పటిలాగే ఉన్నాయనుకోవద్దు. హిప్పోక్రాటీస్ కాలం నుంచి వాళ్లవీ నాలుగు రసాలే. అమెరికన్ సైకియాట్రీకి ఆద్యుడని చెప్పే బెంజమిన్ రష్ 19వ శతాబ్దం మొదట్లో కూడా పిచ్చికి రక్తం తీయించేవాడు. 1949లో మెదడు కోసే లోబోటమీకి నోబెల్ ఇచ్చారు.

డా_సౌమ్య_విశాఖ

శారద గారూ, లోబోటమీని వదిలేశాం కదా. ఒక పద్ధతి తప్పని తేలినప్పుడు దాన్ని వదిలేసే ఏర్పాటు ఆ విద్యలో ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు పిచ్చికి క్లోర్‌ప్రోమజీన్ అనే మందు వాడి చూశారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆస్పత్రి గోడల మధ్యే బతికినవాళ్లు ఇళ్లకు వెళ్లగలిగారు. దానికి దుష్ఫలితాలున్నాయి, దాచాల్సిన పని లేదు. ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు, బరువు పెరగడం. అవి తగ్గించే మందుల కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాం.

మాధవి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సైకోసిస్‌లో, అంటే భ్రమలకూ నిజానికీ తేడా తెలియని స్థితిలో, మందు ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. గొంతులు వినిపించడం, ఎవరో వెంటపడుతున్నారన్న నమ్మకం, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉత్సాహంగా తిరగడం, చచ్చిపోతాననడం... వీటిలో ఏది కనిపించినా ముందు సైకియాట్రిస్టు దగ్గరికి రండి. పూజ చేసుకుంటామంటే నేను వద్దనను. మందు ఆపి చేయకండి, అంతే.

ధాన్యకటకం

2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర (దలైలామా ఇచ్చే టిబెటన్ బౌద్ధ దీక్ష) జరిగినప్పుడు వెళ్లినవాణ్ని, అప్పట్నుంచి బౌద్ధం చదువుతున్నాను. బుద్ధుడు కాలచక్రాన్ని మన ధాన్యకటకంలోనే బోధించాడని టిబెటన్ల నమ్మకం. వాళ్ల ముసలివాళ్లు అంత దూరం నుంచి వచ్చి ఆ స్తూపం చుట్టూ సాష్టాంగపడుతూ తిరగడం చూస్తే కళ్లు చెమర్చాయి.

ఇక్కడెవరూ అనని ఒక సంగతి ఉంది. గ్యూషీ ప్రకారం మూడు దోషాలకు మూలం మనసే. రాగం నుంచి లుంగ్, ద్వేషం నుంచి త్రీపా, మోహం నుంచి బేకెన్. వాటి అడుగున ‘నేను’ అనే పట్టు. ఈ లెక్కన బుద్ధుడు కాని ప్రతివాడూ ఎంతో కొంత రోగే. సైకియాట్రీలో ఆరోగ్యవంతుడు ఒక వైపు, రోగి ఒక వైపు. టిబెటన్ చూపులో ఇద్దరూ ఒకే దారి మీద ముందూ వెనకా ఉన్నవాళ్లు.

ఇంకో ముచ్చట. 1990లో ధర్మశాలలో పాశ్చాత్య శాస్త్రవేత్తలతో, ధ్యాన గురువులతో సమావేశం జరుగుతుంటే షారన్ సాల్జ్‌బర్గ్ అనే అమెరికన్ గురువు దలైలామాను ‘తమను తాము ద్వేషించుకునేవాళ్ల గురించి మీరేమంటారు’ అని అడిగారు. ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు, అలాంటిదొకటి మనుషుల్లో ఉంటుందా అని ఆశ్చర్యపోయారు. ఒక సమాజంలో ఇంటింటా ఉండే బాధ ఇంకో సమాజపు పెద్దకు తెలియనే తెలియదు. వేణు గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు అందులోనే ఉంది.

మాధవి_ఖమ్మం

అందరూ రోగులే అంటే వినడానికి బాగుంటుంది ధాన్యకటకం గారూ. కానీ మా తమ్ముడి రోగం, నా రోగం ఒకటి కాదు. వాడికి ఆస్పత్రి కావాలి, పింఛను కావాలి, సర్టిఫికెట్ కావాలి. అందరూ అదే దారిలో ఉన్నారంటే ఆ తేడా ఎక్కడికి పోతుంది?

ధాన్యకటకం

ఆ తేడా పోకూడదు. గ్యూషీ కూడా దాన్ని చెరపలేదు. పిచ్చికి వేరే అధ్యాయం రాసింది అందుకే. పట్టు విడవమని ఉన్మాదంలో ఉన్నవాడికి ఏ లామా చెప్పడు. ధ్యానమే చేయనివ్వరు.

ధ్యానం వల్లే లుంగ్ వస్తుందని కూడా వాళ్లకు తెలుసు. ఊపిరి బిగబట్టి, మనసును బలవంతంగా ఒకచోట నిలపాలని చూస్తే ఛాతీ బరువెక్కడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, బెంబేలెత్తడం. గురువు వెంటనే సాధన ఆపించి కడుపునిండా తినమంటాడు, దూరంగా కొండలకేసి చూస్తూ కూర్చోమంటాడు. ధ్యానాన్ని పడమటి ఆస్పత్రులు 1979 తర్వాత మెల్లగా తీసుకున్నాయి గానీ ఈ హెచ్చరికను చాలాకాలం పట్టించుకోలేదు. 2017లో బ్రౌన్ యూనివర్సిటీవాళ్లు, జారెడ్ లిండాల్, విలోబీ బ్రిట్టన్, ధ్యానంలో భయాలు, భ్రమలు ఎదురైనవాళ్లను కలిసి వివరంగా రాశారు. మన దగ్గర పదిరోజుల శిబిరాలకు పరిగెత్తే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

క్వీన్స్_కిరణ్

న్యూయార్క్ నుంచి. నేనుండే క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్ వైపు టిబెటన్లు, షెర్పాలు చాలామంది. ఇక్కడి క్లినిక్‌లో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను, వాళ్లతో రోజూ మాట్లాడతాను. జైల్లో దెబ్బలు తిని, హిమాలయాలు నడిచి దాటి వచ్చినవాళ్లున్నారు వాళ్లలో.

మా ఫారంలో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వదలని భయం) ప్రశ్నలుంటాయి. పీడకలలొస్తాయా, ఉలిక్కిపడతారా అని. వస్తాయి అంటారు, కానీ దానికోసం మా దగ్గరికి వచ్చామనరు. “పాదాలు చల్లబడుతున్నాయి, ఛాతీలో లుంగ్ తిరుగుతోంది” అంటారు. ఇంకా అడిగితే, నన్ను కొట్టినవాడికి వచ్చే జన్మలో ఏమవుతుందో అని జాలిగా ఉంది అంటారు. ఇది నేను ఒకరి నోట కాదు, చాలామంది నోట విన్నాను. భారత్‌లోని టిబెటన్ శరణార్థుల మీద 1998లో వెలువడిన అధ్యయనంలో చిత్రహింసలు పడ్డవాళ్లలో ఆందోళన ఎక్కువగానే కనిపించింది. తోటివాళ్ల అండ, ధర్మం మీద నమ్మకం వాళ్లను కొంత కాపాడాయని కూడా తేలింది. అంటే నొప్పి లేదని కాదు. దాన్ని మోయడానికి వాళ్ల దగ్గర ఒక ఏర్పాటుంది.

ఇంకో కోణం. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్రెయిగ్ జేన్స్ 1990ల్లో టిబెట్‌లోని లాసాలో పనిచేశాడు. అక్కడ లుంగ్ రోగులు వైద్యుడి ముందు పోయిన ఇల్లు, పోయిన మనుషులు, సాంస్కృతిక విప్లవం నాటి అవమానాలు, ఇప్పటి భయం అన్నీ కలిపి చెప్పుకుంటున్నారు. బయట ఆ మాటలు అంటే జైలు. లుంగ్ పేరుతో అంటే అది జబ్బు. చైనాలోనూ అంతే. అమెరికన్ సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్ హునాన్‌లో చూసిన ‘నరాల బలహీనత’ రోగుల్లో చాలామందికి డిప్రెషన్ లెక్క సరిపోయింది, కానీ వాళ్లు తలనొప్పి, నీరసం అనే చెప్పుకున్నారు. వేణు గారూ, మీ స్నేహితుడి తల్లి ఏ వయసులో టిబెట్ దాటి వచ్చారు? ఆ కథ ఎవరైనా అడిగారా?

ఒక దేశంలో కట్టిన జబ్బు పేరును ఇంకో దేశంలో వెతికితే దొరుకుతుంది, వెతుకుతున్నాం కాబట్టి. ఇది క్లైన్‌మన్ 1977లోనే అన్నాడు. పేద దేశాల్లో స్కిజోఫ్రీనియా రోగులు ధనిక దేశాలవాళ్లకన్నా బాగా కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాలు చెప్పాయి కూడా. ఆ అధ్యయనాలు జరిగిన ఊళ్లలో మన ఆగ్రా ఉంది.

డా_సౌమ్య_విశాఖ

కిరణ్ గారూ, చివరి మాటతో ఏకీభవించను. ఆ అధ్యయనాల మీద వాదం ఇంకా తెగలేదు. వైద్యం అందక చనిపోయినవాళ్లు, ఇల్లు వదిలి పోయినవాళ్లు లెక్కలో ఎంతవరకు చేరారు అని అడిగినవాళ్లున్నారు. మాధవి గారి ఇంటికి వెళ్లి ‘మన దగ్గర బాగా కోలుకుంటారట’ అని చెప్పగలమా?

లాసా సంగతి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. డీఎస్ఎమ్ ఐదో కూర్పు, 2013ది, రోగి తన బాధను ఏ పేరుతో పిలుస్తాడో, ఎందుకొచ్చిందనుకుంటాడో, ఇంట్లోవాళ్లు ఏమంటారో అడగమని ప్రశ్నల పట్టిక ఇచ్చింది. చాలామందిమి దాన్ని వాడం. వాడాలి.

లేహ్_రవి

సోవా రిగ్పాకు, అంటే ఈ టిబెటన్ వైద్యానికి, 2010లో మన పార్లమెంటు చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. లేహ్‌లో జాతీయ సంస్థ కూడా వచ్చింది. భూటాన్‌లో 1967 నుంచి సంప్రదాయ వైద్యం ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలోనే నడుస్తోంది. అమ్చీ, డాక్టరు ఒకరికొకరు చీటీ రాసుకునే రోజు రావాలని నా కోరిక. లద్దాఖ్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద అమ్చీ, కొత్తగా మతి చలించిన కుర్రాణ్ని తీసుకొస్తే నాడి చూసి, ఇంటివాళ్లతో లేహ్ ఆస్పత్రికి పంపేసేవాడు. ఇంజెక్షన్ పడి కుదుటపడ్డాక నా దగ్గరికి తీసుకురండి, తిండీ నిద్రా నేను చూస్తాననేవాడు.

వేణు_మైసూరు

అందరికీ ధన్యవాదాలు. కిరణ్ గారి ప్రశ్న మా వాణ్ని అడిగాను. ఆవిడ చిన్నపిల్లగా తండ్రి వీపు మీద వచ్చారట. తమ్ముణ్ని దారిలో పోగొట్టుకున్నారు. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ ఎత్తరట. పోయిన చలికాలంలో మనవడు కెనడా వెళ్లాడు, అప్పట్నుంచే ఈ నిద్రలేమి. సైకియాట్రిస్టుకు ఇదేమీ తెలియదు. టిబెటన్ వైద్యుడికి రెండూ తెలుసు.

థైరాయిడ్ పరీక్షకు ఇచ్చారు. మాత్రలు లుంగ్‌కే అనుకుని వేసుకుంటానని ఆవిడే అన్నారట, కానీ అగర్ మాత్రలు మానను అంటున్నారు. బంధువులెవరో రిన్‌చెన్ మాత్రలు కూడా పంపారు, టిబెటన్ వైద్యంలో విలువైనవిగా చూసేవి, పట్టుగుడ్డలో చుట్టినవి. అన్నీ కలిపి వేసుకోవచ్చా?

డా_సౌమ్య_విశాఖ

లుంగ్‌కే అనుకుని వేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆ చలికాలం సంగతి, తమ్ముడి సంగతి తప్పకుండా డాక్టరుకు చెప్పమనండి. ఆవిడ అనుమతితోనే.

రిన్‌చెన్ మాత్రలు పక్కన పెట్టండి. వాటిలో కొన్నిటిలో శుద్ధి చేసిన పాదరసం ఉంటుంది. ఈ వయసులో కిడ్నీల సంగతి చూడకుండా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అగర్ మాత్రల పేరు, పూటకు ఎన్ని వేసుకుంటున్నారో కాగితం మీద రాసి సైకియాట్రిస్టుకు చూపించండి. ఆయన రాసిన మందుల చీటీ టిబెటన్ వైద్యుడికి చూపించండి. ఒకరికి తెలియకుండా ఒకరి మందు వద్దు. డిప్రెషన్ మాత్ర పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పడం, కాస్త కంగారు ఎక్కువవడం ఉండొచ్చు, దానికి భయపడి మానేయొద్దు. తగ్గిందని ఒక్కసారిగా ఆపేయొద్దు కూడా. కాపడం, సూపు నిరభ్యంతరంగా కొనసాగించండి. చచ్చిపోవాలనే మాట ఎప్పుడు వచ్చినా 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అది, డబ్బు తీసుకోరు, రాత్రీపగలూ పలుకుతారు, కన్నడంలోనూ మాట్లాడతారు. టీఎస్‌హెచ్ వచ్చాక ఇక్కడ రాయండి.